ఆ కొండ ఒక్కటీ వద్దు

1998 సెప్టెంబరు 28, సోమవారం

మహిళా సంఘం సమావేశం ఈసారి పన్నెండో అంతస్తులో, ప్రెసిడెంటమ్మ ఇంట్లో. వెళ్ళేసరికి గుమ్మం దగ్గర మగవాళ్ళ కొండెక్కే బూట్లు, తడి బురదతో. ఎవరింటికి వెళ్ళినా వేలితో దుమ్ము తుడిచి చూసే మనిషి ఇంట్లో బురద బూట్లేమిటా అనుకునేలోపే ఆవిడ వాటిని కాలితో చెప్పుల అర కిందికి తోసేసింది. వాళ్ళాయన బ్యాంకులో పెద్ద ఉద్యోగి. బ్యాంకులు ఒకదాన్నొకటి మింగేస్తున్న ఈ కాలంలో ఆయనకి ఊపిరి తీసుకునే తీరిక కూడా లేదని ఆవిడ ప్రతి సమావేశంలో ఓసారి చెబుతుంది. ఇవాళ రెండుసార్లు చెప్పింది.

అసలు విషయం ఆకుల యాత్ర. ఏటా మేపుల్ ఆకులు ఎర్రబడే రోజుల్లో, మొగుళ్ళు ఆఫీసులకీ పిల్లలు బడులకీ పోయాక, మా బ్లాకు ఆడవాళ్ళం ఓ గురువారం ఏదో ఒక కొండెక్కి సాయంత్రానికి దిగొస్తాం. కార్యదర్శిని కనుక ఏ కొండ, ఏ దారి, ఎవరు ఏం వండి తేవాలి, అన్నీ నేనే చూడాలి. ఇన్నేళ్ళూ టీ చల్లారేలోపు తేలిపోయేది.

సోరా వాళ్ళమ్మ దోబోంగ్ అంది. మా వంటింటి కిటికీలోంచి కనబడే కొండ అది. ఒక్క బస్సు ఎక్కితే చాలు. నాకు మోకాలు నొప్పి అన్నాను. అందరూ నా వంక చూశారు. పోయిన వారమే లిఫ్టు చెడిపోతే క్యాబేజీ బస్తా భుజాన వేసుకుని ఏడో అంతస్తు దాకా ఎక్కినదాన్ని కదా మరి.

అయితే సురాక్ అంది సోరా వాళ్ళమ్మ. దోబోంగ్‌కి ఎదురుగా, వాగు అవతల ఉన్న కొండ. ఈసారి ప్రెసిడెంటమ్మ కప్పు కింద పెట్టింది. ఆ కొండ సియోల్ నగరానికి వీపు తిప్పుకుని కూర్చుందనీ, పెద్దవాళ్ళు దాన్ని ద్రోహి కొండ అంటారనీ, ఎక్కితే ఇంటికి అచ్చిరాదనీ చెప్పింది. పోయినేడు అదే సురాక్ మీద ఈవిడే బియ్యం కల్లు రెండు గిన్నెలు తాగి పాట ఎత్తుకుంది. అప్పుడు బాగానే అచ్చొచ్చింది.

పోనీ బుఖాన్ కొండకి వెళ్దామన్నాను నేను. సోరా వాళ్ళమ్మకి అక్కడ కళ్ళు తిరుగుతాయట. ఏమీ తేలలేదు. పండగయ్యాక మళ్ళీ కూర్చుందామన్నారు.

దోబోంగ్ మీద నాకు ప్రత్యేకంగా కోపమేమీ లేదు. రాళ్ళెక్కువ, అంతే.

సెప్టెంబరు 29

మోకాలు నిజంగానే నొప్పెడుతోంది. దేవుడు ఎప్పుడూ వినని నా మాట ఇప్పుడు విన్నాడు.

అక్టోబరు 1, గురువారం

ఈ పుస్తకంలో కూడా అబద్ధమే రాస్తే ఇక నిజం ఎక్కడ రాసుకుంటాను. రాస్తాను.

మా ఆయనకి ఉద్యోగం లేదు. జూన్ నుంచీ లేదు.

ఆగస్టులో మా అమ్మాయి బోరంకి జ్వరం వచ్చి పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి ఎత్తి, ఆయన జూన్‌లోనే వెళ్ళిపోయారుగా, మీరెవరండీ అంది. రాంగ్ నంబరని పెట్టేశాను. ఆ సాయంత్రం ఆయన మామూలు వేళకే వచ్చి, టై వదులు చేసుకుంటూ, ఇవాళంతా మీటింగుల మీద మీటింగులు అన్నారు. నేను పిల్లకి గంజి పడుతూ అలాగా అన్నాను. తేలు కుట్టిన దొంగలా ఆయన, ఆ దొంగని చూసి కూడా నోరెత్తని దాన్ని నేను.

అప్పట్నుంచీ కళ్ళు తెరుచుకుని చూస్తున్నాను. మేజోళ్ళకి గడ్డి ముళ్ళు. మెడ కాలరుకి పైన నల్లగా, కింద తెల్లగా. ఏ ఆఫీసులో అంత ఎండ కాస్తుందో. సెప్టెంబరులో ఓ రోజు ఎండు మిరపకాయల కోసం దోబోంగ్ దిగువ సంతకి వెళ్ళి, కాళ్ళు లాగి ఓ టోఫు కొట్లో కూర్చున్నాను. వెనక గదిలో గోడ పొడుగునా మేకులకి మగవాళ్ళ సూటు కోట్లు వేలాడుతున్నాయి. లోపల పెళ్ళి భోజనాలా అని అడిగాను.

"పెళ్ళీ లేదు పేరంటమూ లేదమ్మా," అంది కొట్టావిడ. "పొద్దున్నే వచ్చి ఇక్కడ విప్పేసి, బూట్లు మార్చుకుని కొండెక్కుతారు. సాయంత్రం దిగి తొడుక్కుని ఇళ్ళకి పోతారు. పాపం, పెళ్ళాలకి చెప్పుకోలేరుగా."

కిటికీ పక్క మేకుకి బూడిద రంగు కోటు. దాని రెండో బొత్తాం నీలం దారంతో కుట్టి ఉంది. అది ఊడిన రోజు మా ఇంట్లో బూడిద రంగు దారం అయిపోయింది. కుట్టింది నేనే. టోఫు ముట్టకుండా డబ్బిచ్చి వచ్చేశాను.

తెలుసని చెప్పేయొచ్చుగా అని నన్ను నేనే తిట్టుకుంటాను. ఏమని చెప్పను? ఆ మనిషికి మిగిలింది ముఖం ఒక్కటే. రోజూ గడ్డం గీసుకుని, దాన్ని నాకోసం తగిలించుకుని బయల్దేరుతున్నారు. నేను ఒక్క మాట జారానంటే అదీ పోతుంది. అది పోతే సాయంత్రం ఇంటికొస్తారో రారో. ఇంటికి రాని మొగుళ్ళ గురించి ఈ మధ్య పేపర్లో చదువుతూనే ఉన్నాను. నాకు ఆయన ఇంటికి రావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

అందుకే లంచ్ డబ్బాలో అన్నం కుక్కి కుక్కి పెడుతున్నాను. కొండెక్కేవాళ్ళకి ఆకలెక్కువ. కంపెనీలు మూతపడుతున్న ఈ కరువు రోజుల్లో ఆఫీసర్లు కూడా ఇంటి డబ్బా పట్టుకెళ్తున్నారు కనుక ఆ ముక్క దాకా ఆయనకి ఇబ్బంది లేదు.

అక్టోబరు 5, చూసొక్ పండగ

బావగారింట్లో పెద్దలకి పెట్టాం. భోజనాల దగ్గర బావగారు, మీ కంపెనీలో కూడా మనుషుల్ని తీసేస్తున్నారటగా అని అడిగారు. మా ఆయన బియ్యపు పిండి ఉండ ఒకటి నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి, "మా సెక్షన్‌కి ఢోకా లేదన్నయ్యా. ఉన్నవాళ్ళ మీదే పనంతా పడి ఛస్తున్నాం," అన్నారు.

ఎంత బాగా చెప్పారంటే ఒక్క క్షణం నేను కూడా నమ్మాను. ఎంత హాయిగా ఉందో ఆ ఒక్క క్షణం.

అక్టోబరు 9

టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి దేశం పటం మీద ఎర్ర గీత చూపించింది. ఉత్తరాన ఎత్తు కొండల మీద ఆకులు రంగు తిరిగాయట. గీత రోజూ కాస్త కాస్త కిందికి దిగుతుంది. నెలాఖరుకి సియోల్‌కి వచ్చేస్తుంది. ఆయన అన్నం తినడం ఆపి దాన్నే చూస్తున్నారు. నేను చానల్ మార్చాను.

అక్టోబరు 12, సోమవారం

మళ్ళీ సమావేశం, మళ్ళీ అదే గోల. నేను దోబోంగ్ వద్దన్నాను, ప్రెసిడెంటమ్మ సురాక్ వద్దంది, సోరా వాళ్ళమ్మ బుఖాన్ వద్దంది. ఇలా కాదని నేనే అన్నాను, దక్షిణాన నేజాంగ్ కొండలకి బస్సు మాట్లాడుకుని పోదామని. తెల్లారకుండా లేచి, సగం రోజు బస్సులో కూర్చుని, కాసేపు ఆకులు చూసి, మళ్ళీ సగం రోజు బస్సులో కూర్చుని రావాలి. ఇంత బుద్ధిలేని ఆలోచన నా జన్మలో చెయ్యలేదు. అందరి ముఖాలూ కళకళలాడిపోయాయి.

మూడో అంతస్తు తేసిక్ నాయనమ్మ మాత్రం గోడకి ఆనుకుని చెస్ట్‌నట్ గింజలు వలుచుకుంటూ కూర్చుంది. పుట్టింది కొండల్లో, డెబ్బై దాటినా మాకంటే ముందు ఎక్కుతుంది. ఆవిడ నోటికి తాళం లేదు.

"ఏమే, పోయినేడు దాకా మేకల్లా ఎక్కినవాళ్ళు," అంది. "ఒకత్తికి మోకాలట, ఒకత్తికి కళ్ళట, ఒకత్తికి కొండే గిట్టదట. మీ అందరికీ ఒక్కసారే ఏం తెగులొచ్చిందే?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను మోకాలు తడుముకున్నాను. తలెత్తి చూస్తే ప్రెసిడెంటమ్మ చెప్పుల అర వంక చూస్తోంది. సోరా వాళ్ళమ్మ తన అరచేతిని చదువుకుంటోంది. నాయనమ్మ వలిచిన గింజ నోట్లో వేసుకుని, నాకైతే మొగుడు పోయి ఇరవయ్యేళ్ళయింది, ఏ కొండైనా ఒకటే అంది.

ముసలావిడ మాటలకి అర్థమూ పర్థమూ ఉండవు.

అక్టోబరు 19, సోమవారం

బస్సు పోయింది. చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టుకునే రోజులు దగ్గర పడుతున్నాయని ఒకరు, అత్తగారొస్తోందని ఒకరు, చివరికి మిగిలింది ఎనిమిది మంది. ఎనిమిది మందికి అంత దూరం బండి కట్టనన్నాడు బస్సాయన.

ప్రెసిడెంటమ్మ లేచి నిలబడి తీర్పు చెప్పింది. దోబోంగ్. ఇరవై తొమ్మిదో తారీకు, గురువారం. నేను మోకాలు అనబోయేలోపే, "బోరం అమ్మా, నొప్పి పట్టీలు నేను పంపిస్తాను. రెండు మోకాళ్ళకీ వేసుకో," అంది.

వద్దని గట్టిగా అంటే ఎందుకంటారు. ఊరుకుంటే నా చేతులతో నేనే ఈ ఎనిమిది మందినీ తీసుకెళ్ళి ఆయన ముందు నిలబెట్టాలి. సాయంత్రానికి పన్నెండంతస్తులకీ తెలిసిపోతుంది. బోరంకి బళ్ళో తెలుస్తుంది. ఆయనకి ఆ మేకూ ఉండదు, ఆ కొండా ఉండదు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఎటు కదిలినా నలిగేది నేనే.

అక్టోబరు 20

దోబోంగ్.

అక్టోబరు 22

దోబోంగ్ మీద పెద్ద కందిరీగలు లేచాయట అని సోరా వాళ్ళమ్మ చెవిలో వేశాను. సాయంత్రానికి ఆ మాట బ్లాకంతా తిరిగి నా గుమ్మానికే వచ్చింది. ఇప్పుడు ముగ్గురు పోయారట, అందులో ఒకరు సన్యాసట. అయినా ప్రెసిడెంటమ్మ అదరలేదు, బెదరలేదు. స్ప్రే డబ్బా తెస్తానంది. ఈవిడకి సురాక్ అంటే భయం, కందిరీగలంటే లేదు. ఏం మనిషో.

అక్టోబరు 24, శనివారం

జీతం కవరు తెచ్చి బల్ల మీద పెట్టారు. కంపెనీ మానిపించినప్పుడు ఇచ్చిన డబ్బులోంచే నెలనెలా తీస్తున్నట్టున్నారు. జీతాల రోజు ఇరవై ఐదు ఆదివారం పడింది కనుక ఇవాళే ఇచ్చేశారట. ఆ ముక్క ఆయన చెప్పనక్కర్లేదు, నేను అడగలేదు. అయినా చెప్పారు. ఇంత శ్రద్ధగా అబద్ధమాడే మనిషిని ఆ కంపెనీ వాళ్ళు ఎలా వదులుకున్నారో.

కవరు రెండు చేతులతో తీసుకుని, కష్టపడ్డారు అన్నాను. పదిహేనేళ్ళుగా అనే మాటే. ఈసారి సగంలో ఆపి దగ్గినట్టు చేశాను.

అక్టోబరు 26, సోమవారం

ఇంత తేలిక దారి ఇన్నాళ్ళూ నా మట్టిబుర్రకి తట్టలేదు. ఆయనకి చెబితే సరి. ఏ రోజు వస్తున్నామో తెలిస్తే ఆ రోజు ఆయనే తప్పుకుంటారు.

రాత్రి అన్నాల దగ్గర, గురువారం మా సంఘం దోబోంగ్ వెళ్తోంది అన్నాను. ముల్లంగి ముక్క ఆయన నోటి దాకా వెళ్ళి ఒక్క క్షణం ఆగింది. తర్వాత లోపలికి పోయింది. "అలాగా. జనం ఎక్కువుంటారేమో," అన్నారు.

అంతటితో ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. ఏ దారి బాగుంటుందండీ అని అడిగాను. ఎందుకడిగానో. కోపమేమో. ఆగస్టు నుంచీ దాచుకున్న కోపం ముల్లంగి మీదుగా బయటికొచ్చినట్టుంది. "నాకేం తెలుసు? కాలేజీ రోజుల్లో ఎప్పుడో ఎక్కిందే," అని ఆయన ఇంకొంచెం అన్నం పెట్టుకున్నారు.

అక్టోబరు 27

పొద్దున్న బూటు లేసు కట్టుకుంటూ, తలెత్తకుండా అన్నారు: "ఆఫీసులో ఎవరో చెప్పారు. గుడి దాటాక కుడి దారిలో రాళ్ళు జారుతున్నాయట. నీ మోకాలికి మంచిది కాదు. ఎడమకి వెళ్ళండి."

సరేనన్నాను. తలుపు వేసుకుని వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను.

అక్టోబరు 28

సముద్రపు నాచు ఆకుల్లో అన్నం చుట్టలు ఇరవై. దోసకాయలు కడిగి పెట్టాను. రేపటికి దిగులు లేదు.

అక్టోబరు 30, శుక్రవారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ మొదటి నుంచీ రాస్తాను.

నిన్న పొద్దున్న ఆయన డబ్బాకి పసుపు గుడ్డ మూట కట్టి ఇచ్చి, కిటికీలోంచి చూశాను. గేటు దాటగానే ఎప్పుడూ ఎడమకి తిరిగే మనిషి కుడికి తిరిగారు. హమ్మయ్య అనుకున్నాను. కుడికి వెళ్తే ఎక్కడికి వెళ్తారో ఆలోచించలేదు. దోబోంగ్ కాకపోతే చాలనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

దోబోంగ్ దిగువకి చేరేసరికి మూడు బడుల పిల్లలు విహారానికి వచ్చి ఉన్నారు. టికెట్ కిటికీ ముందు వరస సంత దాకా పాకింది. టోఫు కొట్టు ముందు నుంచి నడిచాం. నేను తల తిప్పలేదు. వరసలో నిలబడి నిలబడి చివరికి తేసిక్ నాయనమ్మ సంచీ భుజాన వేసుకుంది. చెట్టు మీద ఆకు చూడ్డానికి టికెట్టా, దానికో వరసా, నా వల్ల కాదు, వాగు దాటితే సురాక్, అక్కడ అడిగేవాడు లేడంది.

ప్రెసిడెంటమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అది ద్రోహి కొండ కదా అని మొదలుపెట్టింది.

"ద్రోహయితే ఏమే, దాన్నేమన్నా పెళ్ళాడతామా," అని నాయనమ్మ నడిచింది. అందరూ నవ్వుకుంటూ ఆవిడ వెనక పడ్డారు. నేనూ నవ్వాను. దోబోంగ్ తప్పిపోయిందిగా.

వాగు అవతలికి బస్సెక్కి, రెండో స్టాపులో దిగుతున్నప్పుడు తట్టింది. మా గేటుకి కుడివైపు ఆగే బస్సులన్నీ ఇక్కడికే వస్తాయి.

అప్పుడు మొదలైంది నడక. దారి చూసి వస్తానని ప్రెసిడెంటమ్మ ముందుకురికింది. నేనూ చూసి వస్తానని ఆవిడ వెనక ఉరికాను. లావుపాటి ఆవిడ ఒకతె, మోకాళ్ళకి పట్టీలు వేసుకున్నది ఒకతె, ఎవరో తరుముతున్నట్టు ఆ రాతి మెట్ల మీద పడి ఎక్కుతున్నాం. ఎందుకని ఆవిడ నన్నడగలేదు, నేను ఆవిణ్ణి అడగలేదు. ఇద్దరం రొప్పుతున్నాం. కింద నుంచి సోరా వాళ్ళమ్మ, ఏమిటే ఆ తొందర, పైన ఉచితంగా బంగారం పంచుతున్నారా అని అరిచింది.

నీటి ఊట దాటి మలుపు తిరిగాం. చదునైన బండ. దాని మీదికి వంగిన మేపుల్ చెట్టు. అంత ఎరుపు నేనెప్పుడూ చూడలేదు. నిజానికి నిన్నా సరిగా చూడలేదు. చెట్టు కింద న్యూస్ పేపరు పరుచుకుని ఇద్దరు మగవాళ్ళు, మాకు పక్కగా తిరిగి కూర్చుని అన్నం తింటున్నారు. మడత నలగకుండా తిప్పి పెట్టిన సూటు కోట్లు రెండు పక్కన ఉన్నాయి. బండ మీద పసుపు గుడ్డ. మా ఆయన డబ్బా మూతలో గుడ్డు చుట్టలు పెట్టి రెండో ఆయన వైపు జరుపుతున్నారు. ఆ రెండో ఆయన తెల్ల చొక్కా మీద టై కూడా విప్పలేదు. కాళ్ళకి బురద కొండ బూట్లు.

ప్రెసిడెంటమ్మ నా మణికట్టు పట్టుకుంది.

ఆ బూట్లు ఎవరివో అప్పుడు అర్థమైంది. సురాక్ ఎందుకు అచ్చిరాదో, బుఖాన్ మీద సోరా వాళ్ళమ్మకి కళ్ళెందుకు తిరుగుతాయో, అన్నీ ఒక్కసారే. ఒకే మెట్లు ఎక్కుతూ దిగుతూ, ఒకరికొకరం ఎంత బాగా నటించామో.

కింద నుంచి మాటలు దగ్గరికొస్తున్నాయి. నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. మేపుల్‌కి వీపు పెట్టి, దారికి అటువైపు చూశాను. అక్కడ పైన్ చెట్లు ఉన్నాయి. ఏడాది పొడుగునా పచ్చగా ఉండేవి. వాటి వెనక కరెంటు స్తంభం ఒకటి. ఇంకేమీ లేదు.

"ఇటు చూడండి, ఎంత బాగున్నాయో," అన్నాను. గొంతు నాది కాదు.

ప్రెసిడెంటమ్మ నా పక్కనే వచ్చి నిలబడింది. ఆ మనిషికి ఆ పదవి ఊరికే రాలేదు. మలుపు తిరిగిన ఒక్కొక్కరినీ భుజం పట్టి తిప్పింది. "ఇక్కడే చూడాలి. ఇటే. వరసగా నిలబడండి," అంది.

సోరా వాళ్ళమ్మ వచ్చింది. మా భుజాల మీదుగా ఒక్కసారి బండ వైపు చూసింది. కోట్లు చూసింది. తర్వాత మా ముఖాలు చూసింది. నా పక్కన నిలబడి, పైన్ చెట్ల వంక చూస్తూ, "ఎంత ఎర్రగా ఉన్నాయో కదూ," అంది. ఆమె బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. మిగతా వాళ్ళూ వచ్చి నిలబడ్డారు. ఎవరికి ఎంత తెలిసిందో నాకు తెలియదు. ఎర్రగా ఉన్నాయనని వాళ్ళు లేరు.

చివరికి తేసిక్ నాయనమ్మ వచ్చింది. నడుము మీద చేతులు పెట్టుకుని ఆ పచ్చటి చెట్లని తేరిపార చూసింది. "నా వయసులో ఇంత చక్కటి ఆకులు చూడలేదే," అంది. "తొందరేం లేదు. కడుపునిండా చూడండి."

వెనక డబ్బా మూత పడ్డ చప్పుడైంది. పేపరు మడిచిన చప్పుడు. బూట్లు గులకరాళ్ళ మీద కదిలాయి, రెండు జతలు, కిందికి దిగే పక్కదారి వైపు. ఒక జత ఆగింది. ఎడమ మడమ కొంచెం ఈడ్చే నడక అది, పదిహేనేళ్ళుగా నా గుమ్మంలో వినే నడక. తిరిగి చూడాలని నా మెడ నరాలు లాగాయి. తిరగలేదు. తిరిగితే ఆయన ఎటు పోతారు? పైన్ చెట్ల మీద ఎన్ని కాయలున్నాయో చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి ఆ బూట్లు కూడా దిగిపోయాయి.

ఆ బండ మీద మేము కూర్చోలేదు. ఇంకా పైకెళ్ళి, గాలికి ఆకులన్నీ ఎండిపోయిన చోట తిన్నాం. దిగేటప్పుడు ప్రెసిడెంటమ్మ నా పక్కన నడిచింది.

"బోరం అమ్మా, గుడ్డు చుట్టలో ఉల్లికాడ వేస్తావా?"

వేస్తానన్నాను.

"మా ఆయనకి ఉల్లికాడ పడదు. ఇరవయ్యేళ్ళుగా ఏరి పక్కన పెడతాడు." కొన్ని మెట్లు దిగింది. "ఇవాళ తిన్నాడు."

ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం వండాను. వండుతున్నంతసేపూ చెవులు లిఫ్టు మీదే. మామూలు వేళ అయింది. రాలేదు. బోరం, నాన్నేరీ అంది. మీటింగుంటుందిలే అన్నాను. పులుసు రెండుసార్లు వేడి చేశాను. మూడోసారి పొయ్యి వెలిగించి ఆర్పేశాను. దేవుణ్ణి ఏమని అడగాలో తెలియక, మోకాలు తీసుకో, ఆయన్ని పంపించు అన్నాను. చివరికి లిఫ్టు ఆగింది. మడమ ఈడ్చిన చప్పుడు వినబడింది. నేను గోడ పట్టుకున్నాను.

లోపలికొచ్చి బూట్లు విప్పారు. సూటు, టై, అన్నీ ఎక్కడివక్కడ. డబ్బా తెచ్చి నా చేతికిచ్చారు. కడిగి ఉంది. ఊట దగ్గర కడిగి ఉంటారు. నాలుగు నెలల్లో ఎప్పుడూ కడిగి తేలేదు. ఆఫీసులో డబ్బా ఎవరు కడుగుతారు?

అన్నం తిన్నాం. బోరం బడి సంగతులేవో చెప్పి తన గదిలోకి పోయింది. ఆయన చెంచా కింద పెట్టారు.

"ఆకులు చూశారా?"

"లేదు," అన్నాను. "పైన్ చెట్లు చూశాం."

ఆయన తల ఊపారు. గిన్నెలో మిగిలిన ఒక్క మెతుకుని చెంచాతో అటూ ఇటూ తోస్తున్నారు. నేను నీళ్ళు పోశాను. తాగలేదు.

"ఇంకో వారం ఉంటాయి," అన్నారు. "ఊట దాటి కాస్త ఎడమకి దిగితే ఇంకో చెట్టుంది. ఎవరికీ తెలీదు. పొద్దున్న ఎండ పడ్డప్పుడు చూడాలి."

ఆఫీసులో ఎవరో చెప్పారనలేదు.

ఆదివారం వెళ్దామా అన్నాను. నా గొంతు ఈసారి నాదే.

ఆయన నా వంక చూశారు. జూన్ తర్వాత మొదటిసారి.

"ఆదివారం జనం ఎక్కువ," అన్నారు. "సోమవారం వెళ్దాం."

నవంబరు 2, సోమవారం

రెండు డబ్బాలు కట్టాను.